ఇంటింటి వీడియో డిస్కులు: ఏది నిలుచును?

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుడు లేచి నిలువబడెననగా పరీక్షా ఫలితములు, కట్టవలసిన గదులు, రావలసిన చందాలు అను మూడు విషయములే వినవలసివచ్చునని మీరందఱు ఎఱుగుదురు. ఆ లెక్కలన్నియు నివేదికలో అచ్చుపడియున్నవి కనుక వాని జోలికి పోము. ఈ యేడు కార్యవర్గమువారు మాకొక ప్రశ్న పంపిరి. బడికొక దృశ్య గ్రంథాలయము ఏర్పఱుపవలెను. తెలుగు చలనచిత్రములు, నాటకములు, హరికథలు పిల్లలకు చూపవలెను. అమెరికాలో స్థిరపడిన మన పూర్వ విద్యార్థి యొకరు బ్లూరే ప్లేయరును పంపెదమనుచున్నారు. పెద్దలు కొందఱు డీవీడీలు చాలుననుచున్నారు. పడుచువారు ఇవి యేవియు వలదు, సెల్ ఫోనే చాలుననుచున్నారు. వీనిలో ఏది నిలుచునో చెప్పవలసినదని వారి కోరిక.

మేము యంత్రశాస్త్రము చదివినవారము కాము. కాసెట్టును, డిస్కును, సెల్ ఫోనును వరుసగా కొని, మూడింటితోను వేగినవారము. అయినను ఈ పోటీలలో పూర్వము ఏది గెలిచినదో, ఎందులకు గెలిచినదో తెలిసికొనక చెప్పు సమాధానము జ్యోతిషమగును గాని విచారణ కాజాలదు. కావున కొంచెము వెనుకకు పోక తప్పదు. డిస్కు అను మాటను పళ్ళెమని తెలిగింపవచ్చునుగాని, 'పళ్ళెములు తెండు' అన్నచో మన పిల్లలు మధ్యాహ్న భోజనపు వరుసలోనికి పోవుదురు. డిస్కు అనియే వ్యవహరింతము.

మొదట ఒక కొలబద్ద నిర్ణయించుకొందము. 1957లో వెలువడిన మాయాబజారు చిత్రము మీరందఱు చూచినదే. దాని నిడివి 184 నిమిషములు. అమెరికావారి చిత్రము సాధారణముగా రెండు గంటలలో ముగియును. మన చిత్రము రెండున్నర, మూడు గంటలు నడచును. వీడియో యంత్రములను నిర్మించినవారు వారి చిత్రములను మనసున నుంచుకొని నిర్మించిరి. వానిని కొన్న మనము మన చిత్రములను వానిలో ఇమిడించుకొనవలసివచ్చినది. ఏ డిస్కు వచ్చినను దానిలో మాయాబజారు పట్టునా, పట్టదా అని అడిగినచో సగము సంగతి తేలిపోవును.

డిస్కులకు ముందు కాసెట్టులు. 1975లో సోనీ కంపెనీవారు బీటామాక్సును, 1976లో జేవీసీవారు వీహెచ్ఎస్‌ను వెలువరించిరి. బొమ్మ స్ఫుటముగా నుండునని బీటామాక్సునకే పేరు. కాని దాని తొలి కాసెట్టు ఒక గంట మాత్రమే నడచెడిది; వీహెచ్ఎస్ రెండు గంటలు నడచెడిది. ఆట ముగియకముందే ముగియు కాసెట్టు ఎవరికి కావలెను? తరువాత రెండు పక్షములవారును నిడివిని పెంచిరిగాని అప్పటికే జనము ఒక వైపునకు మొగ్గినది. మన దేశమున మూడు గంటల వీహెచ్ఎస్ కాసెట్టు వచ్చిన పిమ్మట మన చిత్రములకు ఇల్లు దొరికినట్లయినది. పెండ్లిండ్లలో వీడియో తీయించుట ఆనాటినుండియే పరిపాటియైనది. గెలిచిన వీహెచ్ఎస్ యంత్రముల తయారీయు 2016లో ఆగిపోయినది. గెలుపు అనునది కూడ కొన్నాళ్ళ ముచ్చటయే యని దీనివలన తెలియుచున్నది.

కాసెట్టులు రాజ్యమేలుచుండగనే డిస్కుల మొదటి సమరము జరిగినది. 1978 డిసెంబరులో ఫిలిప్స్, ఎమ్‌సీఏ కంపెనీలు కలిసి అమెరికాలోని అట్లాంటా నగరమున లేజరు డిస్కును విక్రయించుటకు ఆరంభించిరి. అది 30 సెంటీమీటర్ల వెడల్పుగల వెండిరంగు చక్రము. కాంతికిరణముతో చదువబడును, ముల్లు తగులదు కనుక అరుగుదల లేదు. 1981లో ఆర్‌సీఏ కంపెనీవారు దీనికి పోటీగా సెలెక్టావిజన్ అను పేర మఱియొక డిస్కును తెచ్చిరి. అది మన గ్రామఫోను రికార్డునకు తమ్ముడు: గాడియు, గాడిలో నడచు ముల్లును కలవు. జపానులో జేవీసీవారు 1983లో వీహెచ్‌డీ అను మూడవ దానిని దింపిరి. మూడును ఒకదానిలో ఒకటి పనిచేయవు. ప్రక్కకు గంటకు మించి పట్టనందున మాయాబజారు చూడదలచినవారు కథ ముగియులోపల మూడుమార్లు లేచి డిస్కు త్రిప్పియో మార్చియో కూర్చుండవలెను.

అయినను అది కాదు వాని ఓటమికి ముఖ్య కారణము. కాసెట్టులో మన యింటి పెండ్లిని మనమే నింపుకొనవచ్చును. ఈ డిస్కులలో కంపెనీవారు నింపినదే చూడవలెను. తన ముఖము తాను చూచుకొనుటకు వీలులేని అద్దమునకు జనులు ఎంత వెల యిత్తురు? ఆర్‌సీఏవారు 1984లో చేతులెత్తిరి. 50 కోట్ల డాలర్లకు మించిన నష్టము వాటిల్లినది. వీహెచ్‌డీ పేరు నేడు ఎవరికిని తెలియదు. లేజరు డిస్కు మాత్రము సంపన్నుల యిండ్లలోను, జపానులోని పాటల విడుదులలోను చాల కాలము బ్రతికి, 2009లో పయొనీరు కంపెనీవారు ప్లేయర్ల తయారీని విరమించుటతో ముగిసినది.

ఇక మన యిండ్లకు వచ్చిన డిస్కు సంగతి. ఇచ్చట కొంచెము నిలుతము.

1982లో పాటలకై 12 సెంటీమీటర్ల సీడీ వచ్చినది. 1993లో ఫిలిప్స్, సోనీ, మత్సుషిత, జేవీసీ కంపెనీలు కలిసి అదే సీడీలో బొమ్మను గూడ ఇమిడ్చి వీసీడీ యనిరి. ఒక్కొక్క డిస్కులో 74 నిమిషములు. బొమ్మ యందు 288 గీతలు మాత్రమే యుండును. అనగా మంచి కాసెట్టు కంటె మెఱుగేమియు కాదు. వేగముగా కదలు దృశ్యములలో చదరములు చదరములుగా చెదరిపోవును. అమెరికా, ఐరోపా దేశములవారు దానిని చూచి పెదవి విఱిచిరి. అచ్చట అది ఇంచుమించు పుట్టలేదనియే చెప్పవలెను. చైనా, ఆగ్నేయాసియా, భారతదేశములలో మాత్రము ఇంటింటికిని ప్రాకినది.

దీనికి కారణములు మన యూరిలోనే కలవు. కోరాపుట్టు కొండలలో ఆషాఢమున పట్టిన తడి ఆశ్వయుజము దాక ఆఱదు. బీరువాలో పెట్టిన కాసెట్టు టేపునకు తెల్లని బూజు పట్టును. ఆ టేపును యంత్రములో వేసినచో యంత్రమును చెడును. డిస్కునకు ఆ బాధ లేదు, గుడ్డతో తుడిచిన పోవును. ప్లేయర్లు చవుకగా వచ్చినవి. వీసీడీలో ప్రాంతమును నిర్ణయించు తాళము లేదు, నకలును అడ్డగించు తాళము లేదు. ఎక్కడ కొన్నది అక్కడనే కాక ఎక్కడనైనను ఆడును. విజయనగరమునుండి పార్వతీపురము మీదుగా రాయగడకు వచ్చు రైలులోను, విశాఖపట్టణమునుండి అరకు మీదుగా కోరాపుట్టునకు వచ్చు రైలులోను మన వర్తకులు క్రొత్త చిత్రముల డిస్కులను సంచులలో తెచ్చుకొనెడివారు. అందులో దొంగ ప్రతులెన్ని యని అడుగకుడు. థియేటరులో తెలుగు చిత్రము ఎప్పుడాడునా యని ఎదురుచూచిన మన కుటుంబములకు ఆ డిస్కులే తెలుగును ఇంటికి తెచ్చినవి. బడిలో ఒక భాష, బజారులో ఒక భాష, కార్యాలయములో మఱియొక భాష వినుచు పెరుగు పిల్లలకు ఇంటి తెలుగునకు తోడు మఱియొక తెలుగు గొంతు వినబడుట సామాన్య విషయము కాదు.

కష్టములును లేకపోలేదు. మాయాబజారునకు మూడు వీసీడీలు కావలెను. అద్దె దుకాణము నుండి తెచ్చిన మూడింటిలో నడిమిది గీతలుపడి ఆగిపోవుటయు, పెండ్లి ఎట్లు తప్పినదో తెలియకయే ముగింపు చూచి లేచిపోవుటయు ఆ కాలపు గృహస్థులకు అనుభవమే.

2007 ప్రాంతమున మోజర్ బేయర్ అను భారతీయ కంపెనీవారు చిత్రముల వీసీడీని 28 రూపాయలకును, డీవీడీని 34 రూపాయలకును అమ్మనారంభించిరి. దొంగ ప్రతి వెలకే అసలు ప్రతి దొరకుట అప్పుడే చూచితిమి. తెలుగు చిత్రములును వానిలో నుండెను. ఆఱు రూపాయలు ఎక్కువయైనను మూడు డిస్కుల పని ఒక డిస్కుతో తీఱుచున్నది గదా యని జనులు డీవీడీకి మఱలిరి. ఆ కంపెనీయు నిలువలేదు. 2018లో దివాలా న్యాయస్థానము దాని ఆస్తులను అమ్మి మూసివేయవలసినదిగా ఆజ్ఞాపించినది.

డీవీడీ యనగా ఏమో పిల్లలకు రెండు మాటలలో చెప్పుదుము. పలక ఒకటే, 12 సెంటీమీటర్లది. బలపము మొన లావుగా నున్నచో పెద్ద అక్షరములు పడును, కొద్దిగా పట్టును. మొన సన్ననైనకొలది అదే పలకపై ఎక్కువ పట్టును. సీడీని చదువు కాంతికిరణపు తరంగము 780 నానోమీటర్లు, డీవీడీది 650, బ్లూరేది 405. నీలిరంగు కాంతి మొన మిక్కిలి సన్నము. పేరులోని బ్లూ అను మాటయు అందువలననే వచ్చినది. ఈ విధముగా సీడీకి ఏడింతలు డీవీడీ యొక పొరలోను, డీవీడీకి అయిదింతలు బ్లూరే యొక పొరలోను పట్టుచున్నవి. రెండు పొరల డీవీడీలో మాయాబజారు లేవకుండ, త్రిప్పకుండ ఒక్క డిస్కుననే ముగియును.

డీవీడీ విషయమునను పోరు తప్పవలసినది కాదు. 1995లో ఒక ప్రక్క సోనీ, ఫిలిప్స్. మఱియొక ప్రక్క తోషిబా, టైమ్ వార్నర్, మత్సుషిత మొదలగువారు వేఱువేఱు డిస్కులతో నిలిచిరి. ఐబీఎమ్ మొదలైన కంప్యూటరు కంపెనీలవారు నడుమ నిలిచి, మీరిరువురు ఒక్కటి కానిచో మేము దేనిని కొనము అని తెగవేసి చెప్పిరి. ఆ యేడు ముగియులోపల రాజీ కుదిరినది. 1996 నవంబరులో జపానున, 1997లో అమెరికాలో డీవీడీ విడుదలయైనది. కొనువాడు పట్టుబట్టిన అమ్మువాడు దిగివచ్చునని ఇందువలన తేలినది.

డీవీడీలో మన సంఘమువంటి వానికి విశేషముగా పనికివచ్చు గుణమొకటి కలదు. ఒకే బొమ్మకు ఎనిమిది శబ్దమార్గములు, ముప్పదిరెండు అక్షరమార్గములు అందులో పెట్టవచ్చును. అనగా ఒకే చిత్రమును ఒకరు తెలుగున, ఒకరు ఒడియాలో, ఒకరు హిందీలో వినవచ్చును. తెలుగు మాటలు వినుచు అడుగున ఒడియా అక్షరములు చదువుకొనవచ్చును. ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వఱకు మన దేశమున 2400 గ్రామములలో జరిగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగమున, ఒక బొమ్మతో పాటు రెండు శబ్దమార్గములు పంపుటకు వీలుండెను. ఒకే పాఠమును ఒక రాష్ట్రమువారు తెలుగున, ప్రక్క రాష్ట్రమువారు కన్నడమున వినునట్టి ఏర్పాటు అది. ఇరువది యేండ్లకు డీవీడీ యందు రెండు కాదు, ఎనిమిది వచ్చినవి. కాని ఆ ఎనిమిది గదుల యింటిలో మన వర్తకులు ఒక్క గదిలోనే దీపము పెట్టిరి. తెలుగు మాటలకు ఒడియా అక్షరములు వేసిన డీవీడీ మా కంట పడలేదు. యంత్రము చేయగలిగినదానికిని, మనుష్యులు చేయించుకొన్నదానికిని గల దూరమునకు ఇంతకు మించిన తార్కాణము మాకు తెలియదు.

డీవీడీలో మనము స్వయముగా వ్రాసికొనునది వచ్చినప్పుడు మఱల రెండు పక్షములు. మైనసు గుర్తు గలది ఒకటి, ప్లస్ గుర్తు గలది ఒకటి. ఒకదానిని అడిగి తెచ్చుకొన్నచో ఇంటి యంత్రము రెండవదానిని కోరెడిది. ఈ తగవు ఎట్లు తీఱినదనుకొనుచున్నారు? ఎవరును ఓడలేదు. కొలది కాలమునకు రెండింటిని చదివి, రెండింటిని వ్రాయగల డ్రైవులు వచ్చినవి. తగవు దానంతట అదియే మాసిపోయినది. ఈ చిన్న సంగతి మా దృష్టిలో పెద్ద సమరములకంటె విలువైనది.

పెద్ద సమరము 2006లో ఆరంభమైనది. తోషిబావారి హెచ్‌డీ డీవీడీ, సోనీ ప్రభృతుల బ్లూరే. బ్లూరే పొరకు 25 గిగాబైట్లు, హెచ్‌డీ డీవీడీ పొరకు 15. పాత డీవీడీ కర్మాగారములను కొద్దిగా మార్చిన చాలును, హెచ్‌డీ డీవీడీ తయారగును. బ్లూరేకు క్రొత్త యంత్రములు కావలెను. చవుకయైనదే గెలుచునని పలువురు తలచిరి. కాని సోనీవారు 2006 నవంబరున తమ ప్లేస్టేషన్ ఆటపెట్టెలోనే బ్లూరేను చేర్చిరి. ఆటకై కొన్న పిల్లవాని యింటిలో అడుగకుండగనే బ్లూరే ప్రవేశించినది. 2008 జనవరిలో వార్నర్ సంస్థవారు బ్లూరే పక్షమునకు పోయిరి. ఫిబ్రవరి 19వ తేదీన తోషిబావారు యుద్ధము విరమించిరి. మఱుసటి సంవత్సరము వారే బ్లూరే ప్లేయర్లను తయారుచేయ మొదలిడిరి. వ్యాపారులకు వైరము ఎంతవఱకో చూచితిరా!

ఆ సమరధ్వని మన యిండ్లకు వినబడలేదు. నాడు మన గదులలో నున్నవి డబ్బా టీవీలు. వానిలో బ్లూరే చూచినను వీసీడీ చూచినను భేదము స్వల్పము. పలుచని పెద్ద టీవీలు వచ్చునప్పటికి సెల్ ఫోనులు వచ్చినవి. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన పిమ్మట ఇంటర్నెట్టు వెల పడిపోయినది. 2020లో తెలుగువారికై ఆహా వచ్చినది. మన బాహుబలి చిత్రము జపాను దేశమున బ్లూరేగా వెలువడి అచ్చటి అభిమానులు కొనుచుండగా, మన రాయగడ కుఱ్ఱవాడు దానిని ఫోనులో చూచుచున్నాడు. అమెరికాలో టపా ద్వారా డీవీడీలు అద్దెకు పంపుటతో పుట్టిన నెట్‌ఫ్లిక్సువారును 2023 సెప్టెంబరున ఆ టపాను ఆపివేసిరి. 2025 ఫిబ్రవరిలో సోనీవారు ఇంట వ్రాసికొను బ్లూరే డిస్కుల తయారీని విరమించిరి. 2016లో వచ్చిన అల్ట్రా హెచ్‌డీ బ్లూరే బొమ్మ యందు సాటిలేనిదే. సేకరణ ప్రియుల బీరువాలలో అది నిలుచును. సామాన్య గృహమున చలనచిత్రము చూచుటకు ఏ డిస్కు గెలుచునని అడిగినచో ఏదియు గెలువదనియే మా ఉత్తరము.

అట్లయిన ఇంత సేపు ఎందులకు చెప్పితిరని మీరు అడుగవచ్చును. చెప్పుదుము.

మన కార్యాలయపు బీరువాలో నలువదికి పైబడిన డిస్కులు కలవు. అవి కొన్న చిత్రములు కావు. మన బడి వార్షికోత్సవములు, మన పెద్దలు ఆడిన పద్యనాటకములు, ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితులు చెప్పిన పాఠములు. వానిలో 2006లో తీసినదొకటి ముఖ్యము. ఎనుబదియైదు సంవత్సరములు దాటిన ఒక పెద్దావిడ తన చిన్ననాటి ముచ్చటలు చెప్పినది. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒడిషా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినప్పుడు, అంతవఱకు విశాఖపట్టణపు ఏజెన్సీలో చేరియుండిన మన ప్రాంతము కోరాపుట్టు జిల్లాయైనది. రాయగడయు అందులోనిదే, వేఱు జిల్లా యగుట 1992లో. 'ఊరు కదలలేదు నాయనా, రాష్ట్రము కదలినది' అని ఆమె చెప్పినట్లు ఆ దినమున విన్నవారు ఇప్పటికిని తలచుకొనుచుందురు. ఆ కాలపు తెలుగు పలుకుబడి, ఒడియా మాటలు కలిసిన ఆ యాస, సంతలో ధాన్యము కొలుచునప్పటి లెక్కలు అన్నియు ఆ డిస్కులో కలవు. ఆమె నేడు లేరు.

గత వేసవిలో తొమ్మిదవ తరగతి పిల్లల సాయముతో ఆ డిస్కులన్నియు తెఱచి చూడనారంభించితిమి. మొదటి చిక్కు, డిస్కును పెట్టుటకు చోటు లేకపోవుట. బడిలోని క్రొత్త ల్యాప్‌టాపులలో డిస్కు గూడు లేదు. ఒక తల్లిదండ్రుల యింట మూలపడిన పాత కంప్యూటరును తెచ్చితిమి. కొన్ని చక్కగా ఆడినవి. కొన్ని నడుమ ఆగినవి. కొన్నింటిని యంత్రము ఖాళీ డిస్కులని చెప్పినది. కెమెరాలో వ్రాసిన పిమ్మట డిస్కును ముగింపు చేయు మెట్టు ఒకటి కలదు, అది జరుగని డిస్కు ఇతర యంత్రములలో తెఱచుకొనదు. పెద్దావిడ డిస్కు మొదటి ఇరువది నిమిషములు ఆడి నిలిచిపోయినది.

దీనికి కారణము పిల్లలు తెలిసికొనవలెను. దుకాణములో కొన్న చిత్రపు డిస్కులో గుంటలు అచ్చుతో ఒత్తబడియుండును, అవి చెఱగవు. ఇంట వ్రాసికొను డిస్కులో గుంటలు లేవు, రంగు పొర యొకటి కలదు. లేజరు దానిని కాల్చి గుర్తులు పెట్టును. ఆ రంగు ఎండకు, వేడికి, కాలమునకు వెలిసిపోవును. తాటియాకుపై గంటముతో గీసిన గ్రంథమునకును, సిరాతో వ్రాసిన కాగితమునకును గల భేదమే ఇచ్చటను కలదు. తాటియాకు గ్రంథములైనను చెదలు తినకముందే మఱియొక ఆకుపైకి ఎత్తి వ్రాసికొనుట చేతనే మనదాక వచ్చినవి గాని ఒక్క ఆకు వేయి యేండ్లు బ్రతికి కాదు.

ఇప్పుడు మఱల పోటీల సంగతికి వత్తము. లేజరు డిస్కు, సెలెక్టావిజన్, వీహెచ్‌డీ చచ్చినప్పుడు వానిలోని బొమ్మలును చచ్చినవి. తరువాత వచ్చిన యంత్రములు సాధారణముగా వానిని చదువలేదు. 12 సెంటీమీటర్ల కుటుంబము సంగతి వేఱు. డీవీడీ డ్రైవు సీడీని, వీసీడీని చదివినది. కంప్యూటరు బ్లూరే డ్రైవు ఆ మూడింటిని చదువును. మనుమడు తాతను గుర్తుపట్టు వంశము అది. మాకు కావలసిన గెలుపు అదియే. ఏ డిస్కు బొమ్మ నిగనిగలాడునని మేము చూడము. మన పాత డిస్కును క్రొత్త యంత్రము ఏది చదువునో దానినే కోరుదుము.

కావున కార్యవర్గమువారికి మా విన్నపము. అమెరికానుండి వచ్చు బ్లూరే ప్లేయరును సున్నితముగా వలదనుడు. అచ్చటి ప్లేయరు సాధారణముగా 120 వోల్టులది, మన కరెంటు 230 వోల్టులది. అదియుగాక బ్లూరే విషయమున అమెరికా ఎ ప్రాంతము, మన దేశము సి ప్రాంతము. తాళము వేసిన డిస్కులు ఒకచోటివి మఱియొకచోట ఆడవు. ఇంటి ప్లేయర్లలో కొన్ని వీసీడీని ముట్టనే ముట్టవు. దానికి బదులుగా కంప్యూటరునకు తగిలించు బ్లూరే డ్రైవు ఒకటి పంపుమని ఆ దాతను కోరుడు. ఇంట వ్రాసికొన్న డిస్కులకు ప్రాంతపు తాళము ఉండదు కనుక మన నలువది డిస్కులకు ఆ యాటంకము లేదు. అట్టి డ్రైవులు సులభముగా దొరకు కాలము ఎంతో మిగిలియున్నదని మేము అనుకొనము.

వచ్చిన బొమ్మలను రెండు హార్డ్ డిస్కులలోనికి ఎత్తవలెను. ఒకటి రాయగడలోను, ఒకటి కోరాపుట్టులోను ఉంచవలెను. ఒక యింట పిడుగు పడినను రెండవది మిగులును. మూలపు ఫైళ్ళను చెఱుపక అట్లే యుంచి, ఫోనులో ఆడుటకు ఎమ్‌పీ4 ప్రతిని వేఱుగా తీయవలెను. యూట్యూబులోను పెట్టవచ్చును. కాని అదియొక్కటే చాలుననుటకు మేము ఒప్పుకొనము. అది మఱియొకరి యింటి అరుగు, తాళపుచెవి వారిది. రంగు పొరకు బదులు రాతివంటి పొర గల ఎమ్-డిస్కు అనునది యొకటి కలదు. వేయి యేండ్లు నిలుచునని తయారించినవారి మాట. కాదని తేల్చుటకు మనలో ఎవరు మిగిలియుందురు గనుక! అయినను ముఖ్యమైన పదింటిని అందులోను వ్రాయింపవచ్చును. కొన్న చలనచిత్రములకు నకళ్ళు తీయుట ఈ పనిలో చేరదు, అది చట్టవిరుద్ధము. చిత్రములు చూపుటకు ఇంటర్నెట్టు చాలునను పడుచువారి మాటయు మాకు సమ్మతమే, అందిన చోటులలో. కొండ గ్రామములనుండి వచ్చు మన పిల్లలకు అది నేటికిని నిలుకడగా అందుటలేదు కనుక బడిలోని డీవీడీలను ఇప్పుడే పాఱవేయవలదు.

వచ్చు నెల మొదలుకొని ప్రతి రెండవ శనివారము ఉదయము బడి కార్యాలయము తెఱచియుండును. మీ యిండ్లలో పెండ్లి వీడియోలు కాని, తాతల, అవ్వల మాటలు కాని, ఊరి నాటకములు కాని డిస్కులలో నున్నచో తీసికొనిరండు. డిస్కుతోపాటు ఒక కాగితముపై తేదీ, ఊరు, మాటలాడినవారి పేరు, ఇంటిపేరు వ్రాసి తెండు. డిస్కు ముఖముపై బాలుపెన్నుతో వ్రాయవలదు. గీత క్రింది పొర దాక దిగును. దుమ్ము పట్టియున్నచో మెత్తని నూలుగుడ్డతో నడుమనుండి అంచు వైపునకు తుడువవలెను. గుండ్రముగా త్రిప్పి తుడిచినచో పడిన గీత గాడి వెంట పోయి చాల భాగమును చెఱచును. అట్టకు అంటుకొనిపోయిన డిస్కులను మీరు లాగవలదు. అట్టతోనే తెండు, తొమ్మిదవ తరగతి పిల్లలు చూచుకొందురు.